అరకు ఘాట్ రోడ్డు: దారికి వంక లేదు, కాఫీతోనే పేచీ

విశాఖ నుంచి అరకు దారి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం, టైడా, బొర్రా గుహలు, గాలికొండ దగ్గర ఫొటోలు, అన్నీ అందరికీ తెలిసినవే. ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదిమీ ఈ దారిలో కారులో తిరుగుతున్నాం. దారికి వంక పెట్టను. నా పేచీ అంతా దారి పొడవునా ఆగి తాగే కాఫీతోనే.

అనంతగిరి దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు రెండు వైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. నవంబరు, డిసెంబరుల్లో వెళితే ఎర్రటి పండ్లు కారు కిటికీలోంచే కనిపిస్తాయి. అరకు అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. ఇంత పేరున్న తోటల మధ్య ఒక బడ్డీ కొట్టు ముందు ఆగి కాఫీ అడిగామా, కొట్టతను చెయ్యెత్తి, పైన వరసగా వేలాడుతున్న ఇన్‌స్టంట్ పొడి ప్యాకెట్లలోంచి ఒకటి చింపుతాడు. చికోరీ కలిపిన ప్యాకెట్టు మీద దాని శాతం ఉంటుంది. నిబంధనల ప్రకారం అది 49 దాకా ఉండవచ్చు. కొండ మీద కాఫీ గింజ పండుతుంటే మన గ్లాసులోకి ఎక్కడిదో చికోరీ దుంప పొడి వస్తోందన్నమాట.

కొట్టతన్ని తప్పుపట్టలేం. రైతులు కోసిన పండు తొక్క తీసి, గింజ కడిగి, ఎండబెట్టి గిరిజన సహకార సంస్థకో వ్యాపారులకో అమ్మేస్తారు. వేయించడం, పొడి చేయడం చాలావరకు ఇంకెక్కడో జరుగుతాయి. తోట పక్కనే ఉన్నంత మాత్రాన పొడి చేతికి అందదు. ఈ సంగతి తెలిసినా నా కోపం మాత్రం తగ్గలేదు.

తగ్గింది ఒకే ఒక్కసారి, ఒక శ్రావణ మాసంలో. పొద్దున్నుంచీ ముసురు, పైన పొగమంచు. ఒక మలుపులో సరుకు లారీ అడ్డంగా ఆగిపోయింది. పైకీ కిందికీ దారి లేదు. మా చిన్నవాడు అప్పటికే ఒకసారి వాంతి చేసుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్యకు కాఫీ వేళ మించిపోతోంది. నాలుగడుగులు పైకి నడిస్తే టార్పాలిన్ కప్పిన పాకలో ఒకామె మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. కాఫీ ఉందా అని అడిగాను.

"పాలు అయిపోయాయమ్మా. మా తోట గింజలున్నాయి, నల్లది తాగుతారా?" అంది.

సంచిలోంచి గుప్పెడు గింజలు తీసింది. వేయించకముందు అవి బూడిద కలిసిన పచ్చరంగులో ఉంటాయి, పెసలకు అన్నదమ్ముల్లా. ఇనప మూకుట్లో వేసి కర్రతో తిప్పుతూ ఉంటే మొదట పచ్చిగడ్డి వాసన, తర్వాత రొట్టె కాలిన వాసన, ఆ తర్వాత చిటపటలు. చేటలో పోసి చెరిగితే పైపొట్టు ఎగిరిపోయింది. చల్లారాక చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచి, మరిగే నీళ్లలో వేసి, దించి మూత పెట్టింది. గుడ్డలో వడకట్టి, బెల్లం ముక్క విడిగా చేతిలో పెట్టింది. లారీ కదిలేది ఎప్పుడో తెలియదు కనుక ఎవరికీ తొందర లేదు. మొదటి గుక్కలో పొగ, చేదు. రెండో గుక్కకి నాలుక అంచుల మీద సన్నటి పులుపు. పాలు, పంచదార, చికోరీ కలిసి ఇన్నాళ్లూ నాకు తెలియనివ్వనిది ఆ పులుపే. ఎంత ఇవ్వమంటావంటే, టీకి ఇచ్చినట్టే ఇవ్వమంది.

"ఇది కాఫీ కాదమ్మాయ్, కషాయం" అంది అత్తయ్య. అంటూనే చలికి బాగుందని ఇంకో అరగ్లాసు పోయించుకుంది.

ఆ కాఫీ గురించి ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. తర్వాత ఒక వేసవిలో అక్కడే, ఆవిడ చేతి కాఫీయే తాగాం. గింజలు కొన్ని మాడాయి, కొన్ని లోపల పచ్చిగానే ఉన్నాయి. మూకుడు వేపుడు ఒక రోజు కుదురుతుంది, ఒక రోజు కుదరదు. పైగా అప్పుడే వేయించిన గింజలో గాలి ఇంకా నిండి ఉంటుంది, ఒకటి రెండు రోజులు ఆగితేనే రుచి తేరుకుంటుంది. మొదటిసారి తాగిన కాఫీ రుచిలో ఆ చలికీ ఆ నిరీక్షణకీ సగం వాటా ఇవ్వక తప్పదు.

ప్రస్తుతం మా పద్ధతి వేరు. అరకులో చికోరీ కలపని పొడి కొని ఇంట్లో ఉంచుకుంటాం. బయల్దేరే ముందు చిక్కటి డికాక్షన్ తీసి ఫ్లాస్కులో పోసుకుంటాం. దారిలో బడ్డీ కొట్టు దగ్గర వేడి పాలు మాత్రం అడుగుతాం. కాఫీ ధరే తీసుకుంటారు, అది న్యాయమే. ఘాట్ మీద ఫిల్టరు పెట్టి డికాక్షన్ దింపాలని మా వారు ఒకసారి ప్రయత్నించారు. ఆ మరక సీటు మీద ఇంకా ఉంది.

మేం విశాఖలోనే ఉంటాం కాబట్టి వారం మధ్యలో తెల్లవారకముందే బయల్దేరగలం. డిసెంబరు ఆదివారాల్లో వచ్చేవాళ్లకు కార్ల బారులు తప్ప ఇవేవీ దక్కకపోవచ్చు. పాలు ఎక్కువ, తీపి ఎక్కువ ఉంటేనే కాఫీ అనుకునేవాళ్లకు నా గొడవతో పనే లేదు. అత్తయ్య ఓటు ఇప్పటికీ ప్యాకెట్టు కాఫీకే. మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పే ఇళ్లవాళ్లు మాత్రం రైలు చూసుకోవడం మేలు. కాఫీ అరకులో దిగాక తాగవచ్చు.