గ్రూప్-1 వ్యాసాల ఆన్‌లైన్ కోర్సు: దిద్దుబాటు భేష్, పట్టిక దండగ

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే 150 మార్కుల పేపరు. 3 గంటల్లో 3 వ్యాసాలు. ఈ కోర్సులో డబ్బు గిట్టుబాటయ్యేది దిద్దుబాటు దగ్గరే. ముందుగా ప్రతి పేరా చివరి వాక్యాన్నీ, తర్వాతి పేరా మొదటి వాక్యాన్నీ మాత్రమే పక్కపక్కన పెట్టి లంకె ఉందో లేదో చూస్తారు. తెగితే మార్జిన్‌లో ‘ఎందువల్ల?’ అని ప్రశ్న వేసి వెనక్కి పంపుతారు.

ఉదాహరణకు భూగర్భజలాల వ్యాసం. ‘ఉచిత విద్యుత్తుతో బోర్లు పెరిగాయి’ అని పేరా ముగించి, ‘అంతేకాక వరి విస్తీర్ణం పెరిగింది’ అని తర్వాతిది మొదలుపెడితే కొట్టేస్తారు. అక్కడ చూపాల్సింది కార్యకారణం, కూడిక కాదు. ‘ఆ బోర్ల నీటితోనే వరి విస్తరించింది’ అని పాత మాటను ఎత్తుకుని కొత్తది చెప్పమంటారు. ‘అయితే’ రాస్తే వెనకే అభ్యంతరం రావాలి. ‘కాబట్టి’కి ముందే కారణం కనబడాలి.

వెంట ఇచ్చే అనుసంధాన పదాల పట్టిక మాత్రం దండగ. అది బట్టీపట్టిన వాళ్ల వ్యాసాల్లో ‘మరోవైపు’ పేరాకొకటి తగులుతుంది, మొదటి వైపేమిటో ఎక్కడా ఉండదు! వాక్యానికో ‘మరియు’ సరేసరి. క్త్వార్థకంతో (‘చేసి’, ‘వెళ్లి’ లాంటి రూపంతో), కామాతో పోయేదానికి అంత హంగామా ఎందుకు? దిద్దుబాటు ఒక్కటే విడిగా ఇస్తే తీసుకోవచ్చు.