పెరటి తలుపుకు అయస్కాంత అలారం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

ఆన్‌లైన్‌లో సుమారు 150 నుంచి 300 రూపాయలకు దొరికే డోర్ అలారంలో రెండే భాగాలు: అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా, వేలెడంత అయస్కాంతం ముక్క. డబ్బాలో రీడ్ స్విచ్ ఉంటుంది, అంటే చిన్న గాజు గొట్టంలో రెండు సన్నని లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరున్నంతసేపు అవి అంటుకుని ఉంటాయి. తలుపు కదిలి అయస్కాంతం దూరమవగానే విడిపోతాయి, మోత మొదలవుతుంది. వైరు లాగే పని లేదు, కరెంటు పోయినా మోగుతుంది.

ఇది నిద్రపోతున్నవాళ్లను లేపడానికి పనికొస్తుంది, తలుపుకు మాత్రం ఏ బలమూ ఇవ్వదు. పెరటి తలుపుకూ, డాబా మెట్ల తలుపుకూ రాత్రిపూట పెట్టుకుంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. తాళం వేసి ఊరెళ్లే ఇంటికి దీన్ని నమ్ముకోవద్దు.

బిగింపులోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. డబ్బాను ద్వారబంధానికీ, అయస్కాంతాన్ని తలుపు రెక్కకూ బిగించాలి. బందుల వైపు కాకుండా గడియ వైపు, పైమూలన పెట్టాలి. బందుల దగ్గర పెడితే తలుపు బారెడు తెరుచుకున్నా అయస్కాంతం కొంచెమే జరుగుతుంది. రెండింటి మధ్య సందు 5 మిల్లీమీటర్లుంటే మంచిది, 10 దాటితే తలుపు వేసి ఉన్నా మోగే అవకాశం ఉంది. రెండు ముక్కల మీదా గీతలో బాణాలో ఉంటే అవి ఎదురెదురుగా రావాలి. రెక్క, బంధం ఒకే మట్టంలో లేకపోతే లోతుగా ఉన్న వైపు చెక్కముక్క వేసి ఎత్తు సరిచేయాలి.

జంట రెక్కల తలుపుకు డబ్బా ఒక రెక్కకూ అయస్కాంతం ఇంకో రెక్కకూ అంటించేవాళ్లున్నారు. అది తప్పు. రెండు రెక్కలూ కలిసి లోపలికి వస్తే మొదట్లో వాటి మధ్య దూరం పెద్దగా పెరగదు, అలారం ఆలస్యంగా మోగుతుంది. డబ్బా పైబంధానికే ఉండాలి, అయస్కాంతం ముందుగా తెరిచే రెక్కకు ఉండాలి. ఇనుప తలుపుకు నేరుగా అంటిస్తే ఇనుము అయస్కాంత బలాన్ని తనవైపు లాగేసుకుంటుంది, స్విచ్ సరిగ్గా పట్టదు. రెండు ముక్కల కిందా 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

అలారంతో పాటు ఇచ్చే రెండువైపులా అంటుకునే టేపు మీద పెద్దగా ఆశ వద్దు. డిస్టెంపర్ గోడకు అంటిస్తే పొరతో సహా ఊడి వస్తుంది. వార్నిష్ చెక్క మీద కూడా ఎండాకాలం వేడికి జారుతుంది. తప్పక టేపే వాడాలంటే ముందు గుడ్డతో దుమ్ము, జిడ్డు తుడిచి, గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, అంటించాక అర నిమిషం గట్టిగా నొక్కి పట్టండి. వెనక పలకకు స్క్రూ రంధ్రాలున్న రకం కొనడం ఇంకా మేలు. వానల్లో చెక్క ఉబ్బి సందు మారుతుంది కాబట్టి తొలకరి తర్వాత ఒకసారి చూసుకోండి.

పెట్టె మీద రాసిన డెసిబెల్స్ చూసి కొనొద్దు, అది అలారం పక్కనే కొలిచిన లెక్క. పడకగది తలుపు వేసి, ఫ్యానో ఏసీయో నడుస్తుండగా ఇంకొకరితో పెరటి తలుపు తీయించి వినండి. వినపడకపోతే ఎంత చవకైనా దండగే.

బ్యాటరీల విషయంలో మా ఓటు రెండు ట్రిపుల్ ఏ సెల్స్ పట్టే రకానికి. ఎల్ఆర్44 బటన్ సెల్స్ మూడు పట్టే రకం ఎక్కువగా దొరుకుతుంది కానీ వాటిలో నిల్వ ఉండే శక్తి చాలా తక్కువ. తలుపు తీసి ఉంచి స్విచ్ ఆఫ్ చేయడం మరిస్తే మోగి మోగి నీరసించిపోతాయి. మూతకు స్క్రూ లేని బటన్ సెల్ రకాన్ని చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వాడకండి. బటన్ సెల్ మింగితే లోపల కణజాలం కాలిపోయే ప్రమాదం ఉంది, ఏమాత్రం అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఊరెళ్లేటప్పటి రక్షణకు అదే డబ్బు బయటి ఆల్‌డ్రాప్ (తాళం వేసే పెద్ద గడియ) మీద పెట్టండి. చాలా ఇళ్లలో దాన్ని ముప్పావు అంగుళం స్క్రూలతో బిగిస్తారు, వాటి తలలు బయటికే కనిపిస్తుంటాయి. స్క్రూడ్రైవర్ ఉంటే తాళం ముట్టుకోకుండానే మొత్తం ఊడదీయొచ్చు. వాటి స్థానంలో తలుపుకు ఆ వైపు నుంచి ఈ వైపుకు వచ్చే గుండుతల బోల్టులు వేసి, లోపలివైపు వాషరు, నట్టు బిగించండి. బోల్టు పొడవు తలుపు మందం కన్నా అర అంగుళం ఎక్కువుంటే సరిపోతుంది. గడియ దూరే కొండీ ద్వారబంధానికి ఉంటే దానికి 2 అంగుళాల 8వ నంబరు ఉక్కు స్క్రూలు వాడండి. టేకులో ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వేసి, స్క్రూకు సబ్బు రాసి తిప్పాలి. ఇత్తడి స్క్రూలు ఇక్కడ వద్దు, టేకులో బిగించేటప్పుడే తల తెగిపోతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) యాప్ ద్వారా కోరితే తాళం వేసిన ఇంటి మీద నిఘాకు కెమెరా పెట్టే ఏర్పాటు తెచ్చారు, దానికి రుసుము లేదు. ప్రయాణానికి ముందే మీ స్టేషన్‌లో అడిగి చూడండి.

మొత్తం మీద అలారానికి 5కు మూడున్నర. ట్రిపుల్ ఏ సెల్స్, స్క్రూ రంధ్రాలు రెండూ ఉన్న రకమైతే నాలుగు.