తిన్నని గీతను ఎంతవరకు నమ్మాలి: ఇంటి బీరు తయారీలో కంప్యూటర్ ఉష్ణోగ్రత నియంత్రణ, కొన్నేళ్ల వాడకం తరువాత

ఈ పరికరాల్లో నాకు అన్నిటికంటే నచ్చినదీ, అన్నిటికంటే కోపం తెప్పించినదీ ఒకటే. అది కంప్యూటర్ తెర మీద ఎడమ నుంచి కుడికి సాగే ఉష్ణోగ్రత గీత. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) ఎంత వేడి నీళ్లలో నానాలి, హాప్స్ (చేదునిచ్చే పూలు) ఎప్పుడు వేయాలి అన్న విషయాలు బీరు కాచేవాళ్లందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. వోర్ట్ (మాల్ట్ ఊరిన తీపి రసం) చల్లార్చి, ఈస్ట్ కలిపి, మూత బిగించిన తరువాత రెండు మూడు వారాల పాటు దానికి కాపలా కాసే ఏర్పాటు గురించే ఈ సమీక్ష.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ శివారులో. ఇక్కడి ఇళ్లకు నేలమాళిగలు ఉండవు, గరాజులో వేసవి మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటడం మామూలు. అందువల్ల ఏడు ఘనపుటడుగుల పాత చెస్ట్ ఫ్రీజర్ ఒకటి కొని, అందులో ఐదు గ్యాలన్ల బీరు పట్టే పాత్ర పెట్టి, ఫ్రీజర్‌ను, పాత్రకు చుట్టిన హీటింగ్ బెల్టును రెండు రిలేల (కరెంటు స్విచ్‌ల) ద్వారా ఆర్డువినో అనే చిన్న నియంత్రణ బోర్డుకు కలిపాను. దాని నుంచి లెక్కలు తీసుకుని గ్రాఫు గీసే పని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ది. నడిపించేది నెదర్లాండ్స్‌లో పుట్టిన బ్రూపై అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని తొలి రూపం పైథాన్ 2 మీద ఆధారపడింది. 2020 జనవరితో ఆ భాషకు మద్దతు ఆగిపోవడంతో, అదే నియంత్రణ పద్ధతిని కొనసాగించే ఫెర్మెంట్రాక్ అనే సాఫ్ట్‌వేర్‌కు నేను కూడా మారాను.

ఇంట్లో బీరు కాయడం అమెరికాలో చట్టబద్ధమే. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు అనుమతి ఉంది, అమ్మడానికి మాత్రం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఈ పని చేయడం నేరం కనుక, అక్కడివారు ఇందులో ఉష్ణోగ్రతకు సంబంధించిన భాగాన్ని మాత్రమే తమ అవసరానికి వాడుకోవాలని మనవి.

మొదటి ఏడాది నా ఆనందానికి హద్దు లేదు. మామూలు థర్మోస్టాట్ ఫ్రీజర్‌లోని గాలిని కొలుస్తుంది. ఈస్ట్ జోరుగా పనిచేసే మొదటి రెండు మూడు రోజుల్లో అది విడుదల చేసే వేడి వల్ల పాత్ర లోపలి బీరు చుట్టూ ఉన్న గాలికంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. గాలి పద్దెనిమిది చూపిస్తోందని మనం నిశ్చింతగా ఉంటే, లోపల ఈస్ట్ ఇరవై రెండు దగ్గర ఉడుకుతూ ఉంటుంది. ఈ ఏర్పాటులో ఒక సెన్సర్ సన్నని స్టీలు గొట్టంలో, అంటే థర్మోవెల్‌లో, బీరు నడిబొడ్డున ఉంటుంది. ఇంకొకటి గాలిలో వేలాడుతుంది. బీరు ఉష్ణోగ్రతను బట్టి గాలి ఎంత చల్లగా ఉండాలో సాఫ్ట్‌వేర్ తేల్చి, ఆ గాలిని బట్టి కంప్రెసర్‌ను నడుపుతుంది. కంప్రెసర్ ఆగిన తరువాత కూడా ఫ్రీజర్ గోడల్లోని చల్లదనం కొంతసేపు పనిచేస్తూనే ఉంటుంది. అది ఎంత దూరం పోతుందో ప్రతిసారీ గమనించి, తరువాతిసారి అంత ముందుగా ఆపడం నేర్చుకుంటుంది. కంప్రెసర్ ఆగిన కొన్ని నిమిషాల వరకు మళ్లీ మొదలు కానివ్వదు కనుక యంత్రం మీద భారం కూడా పడదు.

ఫలితం నాలుకకే తెలిసింది. జర్మన్ గోధుమ బీరు ఈస్ట్‌ను పదిహేడు డిగ్రీల దగ్గర ఉంచితే లవంగం వాసన ముందుకొస్తుంది, ఇరవై రెండు దాటనిస్తే అరటిపండు వాసన పైచేయి అవుతుంది. పుస్తకాల్లో చదివిన ఆ తేడాను ఒకే దినుసులతో, ఒకే పాత్రలో, అంకె ఒక్కటే మార్చి రుచి చూడగలిగినప్పుడు, ఈ వైర్ల చిక్కు కోసం పోగొట్టుకున్న శని ఆదివారాలకు లెక్క సరిపోయిందనిపించింది. మా ఇంటికి వచ్చిన మిత్రులకు గ్లాసు చేతికివ్వకముందే ఫోనులో గ్రాఫు చూపించి విసిగించేవాణ్ణి. పన్నెండు డిగ్రీల దగ్గర పాలు పోసినంత నున్నగా సాగే గీతను చూపించి, ఇక బీరు చెడే ప్రసక్తే లేదని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. దానికి కారణమైన సంగతిని కొంచెం వివరంగానే చెప్పాలి.

ఒక చలికాలం, చల్లగా పులియబెట్టే లాగర్ రకానికి చెందిన పిల్స్‌నర్ పెట్టాను. పన్నెండు డిగ్రీల దగ్గర 34/70 అనే పొడి లాగర్ ఈస్ట్, అందరూ వాడేదే. గీత ఎప్పటిలాగే తిన్నగా ఉంది, రెండో వారంలోనూ చెక్కు చెదరలేదు. కానీ నమూనా తీసి హైడ్రోమీటర్ (చక్కెర తగ్గేకొద్దీ దిగే సాంద్రతను కొలిచేది) వేస్తే 1.030 దగ్గర ఆగి ఉంది. 1.050 దగ్గర మొదలైన బీరు ఆపాటికి 1.015కు దిగాలి. రెండు రోజుల తరువాత చూసినా అదే 1.030. ఈస్ట్ పాతదేమోననుకున్నాను, ప్యాకెట్ మీద తేదీ చూస్తే బాగానే ఉంది. వోర్ట్‌లో గాలి చాలలేదేమోననుకున్నాను, పొడి ఈస్ట్‌కు ఆ పట్టింపు తక్కువ. అప్పుడు తీసిన నమూనాలోనే వంటింటి థర్మామీటర్ ముంచితే ఏడు డిగ్రీలు చూపించింది. తెర మీద మాత్రం అక్షరాలా 12.0.

అసలు సాక్ష్యం గ్రాఫులోనే ఉంది, నేను చూస్తున్న గీతలో కాదు, దాని కిందున్న గాలి గీతలో. ఈస్ట్ జోరు తగ్గాక గాలీ బీరూ దాదాపు ఒకే ఉష్ణోగ్రతకు రావాలి. ఇక్కడ గాలి గీత ఆరు దగ్గర ఉండి, రోజురోజుకూ ఇంకొంచెం దిగుతోంది. లోపల వేడి పుట్టించేది ఏదీ లేనప్పుడు, ఆరు డిగ్రీల గాలి మధ్యన పంతొమ్మిది లీటర్ల బీరు పన్నెండు దగ్గర రోజుల తరబడి కదలకుండా ఉండడం జరిగే పని కాదు. జరిగిందేమిటంటే బీరులోని సెన్సర్ క్రమంగా ఎక్కువ చూపించడం మొదలుపెట్టింది. అది 12.3 అన్నప్పుడల్లా సాఫ్ట్‌వేర్ విధేయంగా కంప్రెసర్ నడిపి 12.0కు తెచ్చింది. సెన్సర్ ఎంత తప్పు చెబితే బీరు అంత చల్లబడింది, గీత మాత్రం అంతే తిన్నగా సాగింది. ఏ సెన్సర్‌ను చూసి యంత్రం నడుస్తుందో ఆ సెన్సర్ గీత ఎప్పుడూ అందంగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని అందంగా ఉంచడమే ఆ యంత్రం పని. బీరు బాగుందా లేదా అన్న ప్రశ్నకు ఆ గీత దగ్గర జవాబు ఉండదు.

సెన్సర్‌ను బయటికి తీసి ఐసు ముక్కలు, నీళ్లు కలిపిన గ్లాసులో పెట్టి బాగా కలిపితే ఐదు డిగ్రీలు చూపించింది. పక్కనే ముంచిన మిగతా సెన్సర్లు సున్నాకు అర డిగ్రీ లోపలే ఉన్నాయి. స్టీలు తొడుగు నుంచి వైరు బయటికొచ్చే చోట ఉన్న నల్లని ప్లాస్టిక్ కవరును బ్లేడుతో కోసి చూశాను. రాగి తీగల మీద ఆకుపచ్చ చిలుము, లోపల ఒక నీటి బొట్టు ఉన్నాయి. నా అంచనాలో జరిగింది ఇది: గరాజులోని తేమ గాలి థర్మోవెల్‌లోకి దిగుతుంది, చల్లని గొట్టంలో నీరై అడుగున చేరుతుంది, సెన్సర్ నెలల తరబడి ఆ నీళ్లలో నిలబడి ఉంటుంది. ప్యాకెట్ మీద మాత్రం నీటిని తట్టుకుంటుందని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అమ్మినవారికి రాస్తే మారుమాట లేకుండా ఇంకొకటి పంపారు, అది కూడా అదే రకం కవరుతో. తెగిపోయి −127 చూపించే సెన్సర్‌తో గానీ, కరెంటు వచ్చిన వెంటనే 85 చూపించే సెన్సర్‌తో గానీ నాకు పేచీ లేదు, చెడిపోయానని అవి తమంతట తామే చెబుతాయి. నమ్మదగిన అంకె చూపిస్తూ మోసం చేసే సెన్సర్ మీదే నా కోపమంతా.

ఆ పిల్స్‌నర్‌ను మెల్లగా పదహారుకు వేడెక్కించి, పాత్రను అటూ ఇటూ కదిపి ఈస్ట్‌ను లేపితే చివరికి 1.013 దాకా దిగింది. తాగగలిగాం. వెనకాల కొంచెం వెన్న వాసన మిగిలిపోయింది. అది లోపమని తెలియని చుట్టాలు బాగుందనే అన్నారు.

ఈ సెన్సర్లలో ఉండే డీఎస్18బీ20 చిప్‌ను రూపొందించిన డాలస్ సెమీకండక్టర్ ఒకప్పుడు మా ఊరి సంస్థే. అసలైన చిప్‌కు మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూ ఇటూ తేడా ఉండవచ్చని తయారీదారులే చెబుతారు. చౌకగా దొరికే వాటిలో నకిలీ చిప్‌లు చాలానే ఉన్నాయి. కాబట్టి తెర మీద చుక్క తరువాత కనిపించే అంకెలకు విలువ తక్కువ. 12.0 అంటే పదకొండున్నరకూ పన్నెండున్నరకూ మధ్య ఎక్కడో ఉందని అర్థం చేసుకుంటే చాలు.

ఆ తరువాత మూడో సెన్సర్ ఒకటి పెట్టాను. దాన్ని పాత్ర బయటి గోడకు ఆనించి, పైన మందపాటి స్పాంజి ముక్క అదిమి టేపు వేశాను. దాన్ని చూసి ఏ యంత్రమూ నడవదు, దాని పని సాక్ష్యం చెప్పడమే. దానికీ లోపలి సెన్సర్‌కూ మధ్య తేడా ఒకటిన్నర డిగ్రీలు దాటి ఆరు గంటలు అలాగే ఉంటే ఫోనుకు సందేశం వచ్చేలా చిన్న స్క్రిప్టు రాశాను. థర్మోవెల్ మూతిని టేపుతో మూసి, ఫ్రీజర్ అడుగున తేమ పీల్చే గుళికల డబ్బా పెట్టాను. ప్రతి విడత ముందూ అన్ని సెన్సర్లకూ ఐసు నీళ్ల పరీక్ష తప్పనిసరి చేశాను. ఖర్చు నామమాత్రమే. ఈ ఏర్పాటు కొనేవాళ్లకు, కట్టేవాళ్లకు నేనిచ్చే సలహా ఏదైనా ఉంటే, నియంత్రణలో పాలుపంచుకోని సెన్సర్ ఒకటి మొదటి రోజు నుంచే పెట్టుకోమని.

మెచ్చుకోవలసిన సంగతి కూడా ఒకటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో చాలా చోట్ల కరెంటు పోయినప్పుడు మా ఇంటికీ పోయింది. తిరిగి వచ్చాక రాస్ప్‌బెర్రీ పై లేవలేదు, మెమరీ కార్డు పాడైపోయింది. అయినా హీటింగ్ బెల్టు తన పని తాను చేసుకుపోతోంది. నిర్ణయాలు తీసుకునే భాగమంతా ఆర్డువినోలోనే ఉండి, సెట్టింగులు దాని సొంత జ్ఞాపకంలోనే నిలిచి ఉండడం వల్ల, పైన ఉన్న కంప్యూటర్ లేకున్నా బీరుకు లోటు రాలేదు, గ్రాఫులో ఖాళీ మాత్రం మిగిలింది. ఇలా విడదీసి కట్టినవారి ముందుచూపుకు దండం పెట్టాలి. రెండు పనులూ ఒకే బోర్డు మీద చేసే ఏర్పాట్లను అప్పటి నుంచీ నేను అనుమానంగానే చూస్తున్నాను.

ఇంట్లో ఈ ఫ్రీజర్‌కు గౌరవం దక్కింది మాత్రం బీరు వల్ల కాదు. డిసెంబరులో ఇడ్లీ పిండి పొంగక మా ఆవిడ ఇబ్బంది పడేది. ఓవెన్‌లో దీపం వేసి పెట్టినా ఒక రోజు పొంగేది, ఒక రోజు లేదు. ఖాళీగా ఉన్నప్పుడు ఫ్రీజర్‌ను ముప్ఫై డిగ్రీలకు పెట్టి గిన్నె అందులో ఉంచితే తెల్లారేసరికి మూత తోసుకుంటూ పైకి వచ్చింది. అయితే ఇడ్లీ పిండిని పులియబెట్టే బ్యాక్టీరియా బీరును పులుపెక్కించే వర్గానికి చెందినదే కనుక, రెండింటినీ ఒకేసారి లోపల పెట్టను. పిండి తీశాక గోడలు శుభ్రంగా తుడిచాకే బీరు పాత్ర దిగుతుంది. ఈ నియమం వల్ల ఎవరి వంతు ఎప్పుడన్న విషయంలో చిన్న చిన్న మాటలు వస్తూనే ఉంటాయి, సంక్రాంతి ముందు మరీను.

మాల్ట్ నానబెట్టే దశకు కూడా కంప్యూటర్ పెట్టాలా అని అడిగేవాళ్లున్నారు. నా వరకు అక్కర్లేదు. మందపాటి ఐస్ బాక్సులో అరవై ఏడు డిగ్రీల దగ్గర మొదలుపెడితే గంటలో ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గదు, చేతి థర్మామీటర్ చాలు.

కొనాలా వద్దా అన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో ఏడాది పొడవునా చల్లగా ఉండే నేలమాళిగ ఉన్నవారికి ఇంత హంగామా అనవసరం. లాగర్ కంటే వెచ్చగా పులిసే ఏల్ రకాలే కాచేవారికి, సాకెట్‌లో పెట్టుకునే రెడీమేడ్ నియంత్రకం ఒకటి కొని దాని సెన్సర్‌ను పాత్రకు ఆనించి కడితే తొంభై శాతం పని అయిపోతుంది. టెక్సస్ ఎండలోనూ ఫ్రీజర్ కొనే ఉద్దేశం లేకపోతే, నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్ట్ ఉంది, అది ముప్ఫై అయిదు డిగ్రీల దగ్గర కూడా బీరును శుభ్రంగా పులియబెడుతుంది. లాగర్ మీద మోజు ఉండి, వైర్లు అతకడం విసుగనిపించక, ఏదైనా చెడిపోతే వారాంతం దాని మీద కూర్చోవడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకునే పరిస్థితి ఉంటేనే దీన్ని కట్టుకోండి. నాకు మళ్లీ కట్టవలసి వస్తే కడతాను, కానీ డబ్బు చిప్ మీద కంటే మంచి కవరు వేసిన సెన్సర్ల మీద పెడతాను.