జీతంలో కోతా, వడ్డీకి అప్పా, కోర్టులో పిటిషనా? పిల్లల మెయింటెనెన్స్ బకాయికి ఏది మేలు

రేణిగుంట దారిలో ఒక ఫ్యాక్టరీలో నేను జీతాల లెక్కలు చూస్తాను. పోయిన నెల ఏడో తారీఖు సాయంత్రం, షిఫ్ట్ దిగి వచ్చిన ఒక ఆపరేటర్ నా టేబుల్ ముందు నిలబడి పేస్లిప్ విప్పాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మడతల దగ్గర చెమటకు అంకెలు అలుక్కుపోయాయి. "అన్నా, దీంతో నెలంతా ఎట్లా గడపాలో నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ లెక్క వేసింది నేనే కాబట్టి నాకు చూడకుండానే తెలుసు. మొత్తం జీతం 20,000. పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 150, వృత్తి పన్ను 150 పోతే 17,900. అందులోంచి కోర్టు ఆర్డర్ ప్రకారం, భార్య దగ్గరున్న పాపకు మెయింటెనెన్స్ (పోషణ ఖర్చు) నెలకు 4,500, పాత బకాయి కింద మరో 3,000. చేతికి వచ్చింది 10,400. కొర్లగుంటలో ఇంటి బాడుగ 5,000, బండి కంతు 2,700. మిగిలిన 2,700 లోనే బియ్యం, గ్యాసు, వాళ్ళమ్మ బీపీ మాత్రలు.

అతనికి అన్నిటికంటే మింగుడుపడనిది బకాయి. "ఆర్డర్ వచ్చాక ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు, మరి 90,000 ఎక్కడిది?" అంటాడు. కేసు 20 నెలలు నడిచింది. రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు 2020 నవంబర్ 4న చెప్పిన ప్రకారం, మెయింటెనెన్స్ పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కకు వస్తుంది, తీర్పు వచ్చిన రోజు నుంచి కాదు. 20 నెలలు, నెలకు 4,500. ఆర్డర్ చేతికి అందిన రోజుకే 90,000 బాకీ పడ్డాడన్నమాట. మధ్యలో అతను ఇవ్వలేదని కాదు. తిరుపతి బస్టాండులో మామగారి చేతికి రెండుసార్లు డబ్బులిచ్చాడు, గంగమ్మ జాతరకు పాపకు బట్టలు కొన్నాడు. ఒక్కదానికీ కాగితం లేదు. కాగితం లేనిది కోర్టులో నిలబడలేదు. అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: ఇచ్చే ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో పంపండి, ఏ నెలదో అందులో రాయండి.

ఇలాంటివాళ్ళకు బయట వినిపించే సలహాలు ఐదారు రకాలు. వాటిలో రెండింటిని ముందే పక్కన పెట్టేస్తాను.

ఒకటి, ఉద్యోగం మానేసి కూలికో ఆటోకో పోతే కోత తప్పుతుందని. కోత ఆగుతుంది, బాకీ ఆగదు. ఒళ్ళు బాగున్న మనిషి కాయకష్టం చేసైనా భార్యాపిల్లలను పోషించాలని సుప్రీంకోర్టు 2022లో కూడా గట్టిగా చెప్పింది. ఈ ఉద్యోగంతో పాటు పీఎఫ్, ఈఎస్ఐ కూడా పోతాయి. రెండోది, నెల రోజులు జైల్లో ఉండి వస్తే లెక్క చెల్లు అని. ఇది ఎవరు పుట్టించారో కానీ చాలామంది నిజంగానే నమ్ముతారు. కట్టని ఒక్కో నెలకు నెల వరకు జైలు వేయొచ్చన్న మాట వాస్తవమే. కానీ జైలుకు వెళ్ళినంత మాత్రాన బాకీ తీరదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. జైలు ఉన్నది డబ్బు కట్టించడానికే తప్ప కట్టినట్టు లెక్కేయడానికి కాదు. బయటికొచ్చాక బాకీ అలాగే ఉంటుంది, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

ఇక నిజంగా తూచి చూడాల్సినవి.

మొదటిది, అప్పు చేసి ఒక్కసారే కట్టేయడం. ఇతనికి ఎవరో నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసుకుని 90,000 ఇస్తామన్నారు. "ఒక్కసారి కట్టేస్తే తల మీద బరువు దిగిపోతుంది కదన్నా" అన్నాడు. కాగితం తీసుకుని ఇద్దరం లెక్క వేశాం. నెలకు వడ్డీయే 2,700. ఇప్పుడు కోత పడేది 3,000. అంటే 300 మిగులుతుందనే ఆశతో, అసలు ఒక్క రూపాయి కూడా తీరని గుంటలోకి దిగుతున్నాడు. కోర్టు కోత 30 నెలల్లో అయిపోతుంది, ఇతని ఆర్డర్‌లో బకాయికి వడ్డీ కూడా వేయలేదు. అదే 30 నెలలు మూడు రూపాయల వడ్డీ కడితే 81,000 పోతుంది, 90,000 అసలు చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. లెక్క చూశాక అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వాళ్ళమ్మ గాజులు బ్యాంకులో కుదవ పెట్టడం దీనికంటే చాలా మెరుగు. ఏడాదికి నూటికి పది అనుకుంటే 90,000కి ఏడాది వడ్డీ 9,000. కానీ ఏడాది తిరిగేసరికి 99,000 ఎక్కడ తెస్తాడు? తిరగరాయించుకుంటూ పోతే చివరికి వేలం నోటీసు. ఆ గాజులు ఆమె సొంతం, ఆమె ముసలితనానికి ఉన్న ఒకే ఒక్క ధైర్యం. మొత్తం బకాయి కోసం వాటిని ముట్టుకోవద్దన్నాను. వారెంటు తలుపు దాకా వచ్చినప్పుడో, కోర్టులో కొంత ముందుగా కట్టి మంచి నమ్మకం చూపించడానికో, 20,000 వరకైతే ఒప్పుకుంటాను.

రెండోది, కోతను ఉన్నదున్నట్టు పడనివ్వడం. దీన్ని చాలామంది శిక్షలాగా చూస్తారు, నేను అలా చూడను. నెలనెలా ఠంచనుగా పోతుంది, పేస్లిప్‌లో ఆధారం ఉంటుంది, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. కానీ ఒక విషయం తెలుసుకోవాలి. మామూలు అప్పు కేసుల్లో కోర్టు జీతం అటాచ్ చేస్తే (బాకీ కింద పట్టుకుంటే) మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ఉద్యోగికే వదలాలి. మెయింటెనెన్స్ డిక్రీకి (కోర్టు తీర్పుకు) ఆ రక్షణ తగ్గిపోతుంది, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మూడింట ఒక వంతుకే రక్షణ ఉంటుంది. పిల్లల తిండి మిగతా అప్పుల్లాంటిది కాదని చట్టం ఉద్దేశం. నేను దాన్ని ఒప్పుకుంటాను. కాబట్టి "ఇంత కోస్తారా, ఇది అన్యాయం" అని హెచ్‌ఆర్ దగ్గర గొడవపడి లాభం లేదు. ఆర్డర్ వచ్చాక కంపెనీ చేతిలో ఏమీ ఉండదు, నా చేతిలో అసలే ఉండదు.

మూడోది, కోర్టుకే మళ్ళీ వెళ్ళి అడగడం. ఇందులో రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి, వాటిని కలిపేసుకునే చాలామంది దెబ్బతింటారు. నెలసరి మొత్తమే తగ్గించమని అడగడం ఒకటి. దీనికి పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 127, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 146వ సెక్షన్. జీతం నిజంగా పడిపోయిందా, ఆపరేషన్ అయిందా, ఆర్డర్ నాటి పరిస్థితి మారిందా అని చూస్తారు. బండి కంతు, చీటీ లాంటివి మనంతట మనం తెచ్చుకున్నవి, వాటిని చూపించి పాప డబ్బు తగ్గించమంటే కోర్టు వినదు, వినకూడదు కూడా. ఇంకో మాట, తగ్గింపు వచ్చినా అది ఇకపై నెలలకే, పోగుపడిన బకాయి దాంతో చెరిగిపోదు. అందుకే జీతం పడిపోయినవాళ్ళు ఆరు నెలలు ఆగి వెళ్ళడం కంటే ఆ నెలలోనే వెళ్ళాలి.

ఇతనికి ఆ పిటిషన్ వద్దన్నాను. 4,500 అంటే పీఎఫ్ వగైరా పోగా మిగిలే 17,900లో పావు వంతు. పెరిగే పిల్లకు తిండి, బడి, జ్వరమొస్తే మందులకు అది ఎక్కువేమీ కాదు. నాకు ఈ విషయంలో పక్షపాతం ఉంది, దాచను. మా నాన్న మమ్మల్ని వదిలి వెళ్ళాక చంద్రగిరిలో మా అమ్మ ప్రతి నెలా ఐదో తారీఖు నుంచి మనియార్డర్ కోసం గడప దగ్గరే కూర్చునేది. పోస్ట్‌మ్యాన్ మా ఇల్లు దాటి వెళ్ళిపోతే ఆ పూట పొయ్యి మీద గంజి. అందుకే ఎవరైనా బకాయి గురించి అడిగితే, ముందు ఈ నెల డబ్బు ఆగకూడదు, తర్వాతే పాతది అంటాను. ఈ నెలది ఆపి పాతది కడితే బకాయి ఎన్నటికీ తరగదు, అటువైపు పిల్ల మాత్రం పస్తుంటుంది.

కోర్టులో అతను అడగాల్సింది ఇంకో విషయం: 4,500 ముట్టుకోకుండా, బకాయి కంతు మాత్రం 3,000 నుంచి 2,000కి తగ్గించమని. ముందుగా 20,000 కడితే మిగిలిన 70,000 నెలకు 2,000 చొప్పున 35 నెలల్లో తీరుతుంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం జడ్జిగారి ఇష్టం. కానీ పేస్లిప్పులు, బాడుగ రశీదు, అమ్మ మందుల చీటీలు, ఆస్తులూ అప్పుల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) పట్టుకుని, కొంత డబ్బు ముందుగా కట్టి అడిగేవాడి మాటకు విలువ ఉంటుంది. లాయరు ఫీజుకు భయపడుతున్నాడు, అదీ అవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఆడవాళ్ళు, పిల్లలతో పాటు ఫ్యాక్టరీ కార్మికుడికి కూడా ఉచిత లాయరు హక్కు ఉంది. కోర్టు ఆవరణలో అడగొచ్చు, 15100కి ఫోన్ చేయొచ్చు.

ఇద్దరూ రాజీతో కేసు తేల్చుకునే లోక్ అదాలత్ నాలుగో దారి. ఇద్దరూ మాట్లాడుకునే స్థితిలో ఉంటే నా దృష్టిలో అన్నిటికంటే మంచిది ఇదే, ఎందుకంటే ఇక్కడ మాత్రమే ఇద్దరి అవసరాలూ ఒక కాగితం మీదికి వస్తాయి. ఉదాహరణకు నెలకు 1,500, దీపావళి బోనస్ మొత్తం బకాయికే అని రాసుకోవచ్చు. జూన్‌లో స్కూలు ఫీజు ఉంటుంది కాబట్టి ఆ నెల కాస్త ఎక్కువ అని ఆమె అడగొచ్చు. కోర్టు ఫీజు లేదు. అయితే అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. కాబట్టి ఊపులో 5,000 ఇస్తానని సంతకం పెట్టి రాకూడదు.

ఇది చదివే తల్లులు ఎవరైనా ఉంటే వాళ్ళకొక మాట. మెయింటెనెన్స్ ఆర్డర్ అమలుకు వారెంటు కోసం, డబ్బు రావాల్సిన రోజు నుంచి ఏడాది లోపు అర్జీ పెట్టాలి. ఇస్తాడులే అని మొహమాటపడి ఏడాది దాటనివ్వకండి.

ఇతని విషయంలో భార్యతో మాటలు లేవు. ఫోన్ చేస్తే వాళ్ళ అన్న ఎత్తుతాడట. అందుకే ముందు బకాయి కంతు పిటిషన్, మాటలు కుదిరితే లోక్ అదాలత్ అని అనుకున్నాం. బండి అమ్మేద్దామా అని కూడా ఆలోచించాడు, కానీ రాత్రి షిఫ్ట్ అయ్యాక రేణిగుంట నుంచి కొర్లగుంటకు బస్సు దొరకదు.

సోమవారం పొద్దున సెలవు చీటీ రాసిచ్చాడు. ఆరు నెలల పేస్లిప్పులు ప్రింటు తీసి కంపెనీ స్టాంపు వేసి ఇచ్చాను. ఈసారి మడత పెట్టలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బండి డిక్కీలో జాగ్రత్తగా పెట్టుకుని కోర్టుకు బయల్దేరాడు.