నైట్ డ్యూటీ దిగి వచ్చి టర్కీ వండాలంటే: రెండు సూదుల థర్మామీటరు ఏడాది పైగా వాడాక నా రివ్యూ

డాలస్ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. థాంక్స్‌గివింగ్, అంటే ఇక్కడ టర్కీ కోడిని ఓవెన్‌లో కాల్చి అందరూ కలిసి భోంచేసే పండగ, ఎప్పుడూ నవంబరు నాలుగో గురువారమే కాబట్టి ముందు రోజు బుధవారం రాత్రి డ్యూటీ ఎవరో ఒకరికి పడక తప్పదు, రెండేళ్లుగా అది నాకే పడుతోంది. రాత్రి ఏడింటికి ఎక్కితే గురువారం పొద్దున ఏడింటికి దిగుతాను, ఇల్లు చేరేసరికి ఎనిమిది కావస్తుంది. అదే రోజు సాయంత్రం నాలుగింటికి మా ఇంట్లో పదకొండు మందికి భోజనం. మానేద్దామని మా ఆయన అన్నారు గానీ నాకు మనసొప్పలేదు. ఇక్కడ మాకు చుట్టాలు లేరు, ఆ వచ్చే మూడు కుటుంబాలే మాకు చుట్టాలు, వాళ్ల పిల్లలు ఏడాదంతా ఈ భోజనం కోసం అడుగుతూనే ఉంటారు.

ఓవెన్‌లో మాంసంతో పాటే ఉంచగలిగే థర్మామీటరు ఇది. రెండు సన్నటి స్టీలు సూదులు, ఒక్కోదానికి పొడవాటి వైరు, ఆ వైర్లు వెళ్లి ఓవెన్ బయట ఉండే చిన్న పెట్టెకి తగులుతాయి, ఆ పెట్టె నుంచి సిగ్నల్ ఇంకో చిన్న రిసీవరుకి వస్తుంది, దాన్ని జేబులో వేసుకుని ఇల్లంతా తిరగొచ్చు. నేను నలభై డాలర్ల లోపే కొన్నాను. ఈ తరహావి చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, అన్నీ దాదాపు ఒకేలా పని చేస్తాయి, అందుకే నాది ఏ కంపెనీదో రాయడం లేదు.

ఎందుకు కొన్నానో చెబితేగానీ దీని విలువ తెలియదు. దీన్ని కొనడానికి ముందు వచ్చిన థాంక్స్‌గివింగ్‌కి పద్నాలుగు పౌండ్ల గడ్డకట్టిన టర్కీని మంగళవారం పొద్దున ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాను, రెండు రోజులు చాలనుకున్నాను. చాలదు. ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది, అంటే ఆ పక్షికి మూడు రోజుల పైమాటే. గురువారం పొద్దున డ్యూటీ దిగి వచ్చి దాని కడుపులో చెయ్యి పెడితే లోపలున్న కాలేయం, గుండెకాయల పొట్లం మంచుకి అతుక్కుపోయి ఊడిరాలేదు. చన్నీళ్లలో ముంచి కరిగించాలంటే పౌండుకి అరగంట లెక్కన ఏడు గంటలు, పైగా అరగంటకోసారి నీళ్లు మార్చాలి. నాకు అంత టైము ఎక్కడిది? రెండు గంటలు ముంచి, పన్నెండింటికి ఓవెన్‌లోకి తోసేశాను.

టర్కీ రొమ్ములో గుచ్చి వచ్చే తెల్ల ప్లాస్టిక్ బొత్తం ఉంటుంది కదా, ఉడికాక పైకి లేస్తుందని చెప్తారు. అది నాలుగున్నరకి లేచింది. తీసి కోస్తే రొమ్ము బాగానే ఉంది, తొడ దగ్గర ఎముక పక్కన మాత్రం ఎర్రగా, పచ్చిగా. ఆ బొత్తం తను గుచ్చి ఉన్న ఒక్కచోటు సంగతే చెబుతుంది, మిగతా పక్షి సంగతి దానికి తెలియదు. మళ్లీ లోపల పెట్టాను. తినేసరికి ఏడుంపావు, తొడ ఉడికింది, రొమ్ము పీచు పీచుగా ఎండిపోయింది, చిన్నపిల్లలు ఇద్దరు చిప్స్ తినేసి సోఫాలోనే నిద్రపోయారు. ఇరవై నాలుగు గంటలు మెలకువగా ఉండి అంత కష్టపడి చివరికి పిల్లలు తినలేదన్న బాధ నాకు చాలా రోజులు పోలేదు. డిసెంబరులోనే ఈ థర్మామీటరు తెప్పించాను.

పోయిన నవంబరులో దీంతో ఎలా గడిచిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే నా రివ్యూ అంతా ఆ ఒక్క రోజు మీదే ఉంది.

ఈసారి పన్నెండున్నర పౌండ్లది తెచ్చి శనివారం రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చాను, కింద ఒక లోతైన ట్రే పెట్టి. ఆదివారం నాకు సెలవు. ఆ రోజే క్రాన్‌బెర్రీ సాస్ చేసేశాను, పన్నెండు ఔన్సుల పాకెట్టుకి ఒక కప్పు నీళ్లు, ఒక కప్పు పంచదార, పది నిమిషాల పని, ఫ్రిజ్‌లో వారం ఉన్నా ఏమీ కాదు. మంగళవారం రాత్రికి టర్కీ పూర్తిగా కరిగింది. తుడిచి, చర్మం కింద వెన్న, వెల్లుల్లి, మిరియాల పొడి, కాస్త ధనియాల పొడి కలిపి రాశాను. ఉప్పు దగ్గర జాగ్రత్త, చాలా టర్కీలకి ప్యాకింగ్‌లోనే ఉప్పునీరు ఎక్కించి అమ్ముతారు, కవరు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అది చదవకుండా మన అలవాటు చొప్పున ఉప్పు పట్టిస్తే గ్రేవీ నోట్లో పెట్టుకోలేం. స్టఫింగ్ అనే పక్క వంటకం కోసం రొట్టెముక్కలు ఎండబెట్టడం, ఓవెన్‌లో కాల్చే బీన్స్ క్యాసరోల్ పేర్చి మూతపెట్టడం కూడా ఆ రాత్రే అయిపోయాయి. బుధవారం పగలు నేను పడుకోవాలి, రాత్రి డ్యూటీ ఉంది కదా, అందుకని ఆ రోజు వంట పని ఒక్కటీ పెట్టుకోలేదు.

గురువారం ఎనిమిదింటికి వచ్చాను. స్నానం చేసి నేరుగా వంటగదిలోకి. సూది గుచ్చడంలోనే అసలు పనితనం ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. మెడ వైపు నుంచి రొమ్ము మధ్య ఎముకకి సమాంతరంగా, కండ అన్నిటికన్నా మందంగా ఉన్న చోట లోపలికి తోయాలి. మొన ఎముకకి తగిలిందంటే అంకె తప్పు చూపిస్తుంది. పైపైనే గుచ్చితే బయటి వేడి తగిలి ఎక్కువ చూపిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. రెండో సూది తొడకీ ఒంటికీ మధ్య మడత పక్కన, తొడ కండలోకి, ఇక్కడా ఎముక తగలకుండా. సూదులు గుచ్చిన ట్రేని అలాగే ఫ్రిజ్‌లో పెట్టేసి వైర్లు చుట్ట చుట్టి పక్కన ఉంచాను. మా ఆయన పని ఏమిటంటే పదకొండుకి ఓవెన్ 325 డిగ్రీల ఫారన్‌హీట్‌కి వేడి చెయ్యడం, పదకొండుంపావుకి ట్రే లోపల పెట్టి వైర్లు పెట్టెకి తగిలించడం. అంతే. ఆయన వంటమనిషి కాదు, ఆయనకీ కష్టమనిపించలేదు.

రిసీవరు నా మంచం పక్కన పెట్టుకున్నాను. రొమ్ము 150 డిగ్రీలకి రాగానే మోగేలా పెట్టాను. కావాల్సింది 165, అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క అదే, కానీ లేచి మొహం కడుక్కోవడానికి నాకు కొంత టైము కావాలి కదా. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు గది తలుపు దగ్గర నిలబడి, "అమ్మాయ్, నువ్వు నిశ్చింతగా పడుకో, అది మోగినా నీకు మెలకువ రాకపోతే నేను లేపుతాను" అన్నారు. "అత్తయ్యా, మీకు దాని మోత వినిపిస్తుందా?" అంటే "కుక్కర్ విజిల్ మూడు గదుల అవతలినుంచి వింటాను, ఇదెంత" అన్నారు. ఎనిమిదిన్నరకి పడుకుని రెండూ ఐదుకి లేచాను. ఐదున్నర గంటలు ఒళ్లు తెలియని నిద్ర. నైట్ డ్యూటీ చేసేవాళ్లకి ఆ ఐదున్నర గంటలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మా ఆయన ఫ్రిజ్ మీది తెల్లబోర్డు మీద గంట గంటకీ అంకె రాస్తూ వచ్చారు. పెట్టినప్పుడు 39, గంటకి 70, రెండు గంటలకి 118. రెండున్నరకి రొమ్ము 165, తొడ 176. తొడకి ఆ మాత్రం ఎక్కువ వేడి తగిలితేనే మెత్తబడుతుంది, రొమ్ముకి అదే వేడి తగిలితే ఎండిపోతుంది, కాబట్టి రెండు సూదులున్నదే కొనండి, ఒక్క సూదిది వద్దు. బయటికి తీసి పైన రేకు కప్పి ముప్పావుగంట వదిలేశాను. ఈలోపు ఖాళీ అయిన ఓవెన్‌లో స్టఫింగ్, క్యాసరోల్, బయట కొన్న గుమ్మడికాయ 'పై' అనే తీపి వంటకం ఒకదాని తర్వాత ఒకటి వేడయ్యాయి, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో బంగాళాదుంపలు ఉడికాయి. టర్కీ ఎప్పటికవుతుందో ఖచ్చితంగా తెలియడం వల్లే ఇదంతా ఒక వరసలో జరిగింది. నాలుగూ పదికి కూర్చున్నాం. రొమ్ము ముక్క కోస్తే పలక మీదికి నీరు కారింది, క్రితం ఏడాది చిప్స్ తిని పడుకున్న పాప రెండోసారి అడిగి పెట్టించుకుంది.

అత్తయ్యగారు మాత్రం గురువారం నీచు ముట్టరు. ఈ పండగ ప్రతి ఏడూ గురువారమే వస్తుంది కాబట్టి అమెరికాలో చాలా తెలుగిళ్లలో ఈ ఇబ్బంది ఉంది. ఆవిడ కోసం కందిపప్పులో గుప్పెడు క్రాన్‌బెర్రీలు, పచ్చిమిర్చి వేసి ఉడికించి ఇంగువ తాలింపు పెట్టాను. క్రాన్‌బెర్రీ పులుపు మన వాక్కాయకి బాగా దగ్గర, ఒకసారి చేసి చూడండి. నిజం చెప్పాలంటే టర్కీ కన్నా ముందు ఆ పప్పు గిన్నే ఖాళీ అయింది. ఆవిడ టర్కీ శుక్రవారం తిన్నారు, "మెత్తగా ఉందే" అన్నారు, నాకు అది చాలు.

ఇక లోపాలు. మొదటిది, దీనిలో మాంసాన్ని బట్టి ముందే పెట్టి ఇచ్చిన అంకెలు ఉంటాయి, టర్కీ అని నొక్కితే నాది 180 చూపించింది. అది పాత లెక్క. కోడి, టర్కీ అన్నిటికీ ఏ భాగమైనా 165 చాలని 2006లోనే తేల్చారు. ఆ బటన్ నమ్ముకుంటే రొమ్ము మళ్లీ పీచే. అంకె చేత్తో పెట్టుకోండి. రెండోది, రిసీవరు ఆపి మళ్లీ ఆన్ చేస్తే మనం పెట్టిన అంకె పోయి 180కే వెళ్లిపోతుంది. ఇది నాకు అస్సలు నచ్చలేదు, పడుకునే ముందు మళ్లీ ఒకసారి చూసుకోవాల్సి వస్తోంది.

మూడోదే పెద్దది. కొన్న ఎనిమిది నెలలకి ఒక సూది పాడైంది. పంపు కింద పెట్టి కడిగాను, సూదీ వైరూ కలిసే చోట నీళ్లు పోయాయి, అప్పట్నుంచి పిచ్చి అంకెలు. అమ్మినవాళ్లకి రాస్తే నీళ్లు తగిలితే వారంటీ వర్తించదన్నారు. ఆ మాట పెట్టె మీద ఎక్కడా పెద్దగా రాయలేదు, కాగితం వెనక చిన్న అక్షరాల్లో ఉంది. కొత్త సూది విడిగా కొనుక్కున్నాను. ఇప్పుడు స్టీలు భాగం వరకే సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, తడిగుడ్డతో మళ్లీ తుడిచి ఆరబెడుతున్నాను, పచ్చి మాంసంలో ఉన్నది కాబట్టి ఆ తుడవడం బాగా తుడవాలి. వైరుని ఓవెన్ తలుపు మధ్యలో కాకుండా పై మూలనుంచి బయటికి తెస్తే నలగదు.

సరిగ్గా చూపిస్తోందో లేదో వాడే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గ్లాసు నిండా మంచు ముక్కలు వేసి, సందుల్లోకి నీళ్లు పోసి, కలిపి, సూది మధ్యలో పట్టుకుంటే 32 దగ్గర ఆగాలి. నా పాత సూది పాడైన సంగతి పండగ రోజు కాకుండా ఆగస్టులోనే తెలిసిందంటే ఈ పరీక్ష వల్లే.

ఏడాదికోసారి టర్కీ కోసం నలభై డాలర్లా అనుకునేవాళ్లకి ఇంకో సంగతి. చలికాలంలో ఇక్కడ పెరుగు తోడుకోక అవస్థ పడతాం కదా, కాచిన పాలల్లో ఈ సూది పెట్టి 110కి దిగగానే తోడు వేస్తున్నాను, ఆరేడు గంటల్లో గడ్డ పెరుగు. డ్యూటీకి వెళ్లే హడావిడిలో పాలు చల్లారాయో లేదో వేలు పెట్టి చూసే పని తప్పింది, రిసీవరే మోగి చెబుతుంది. మాకు వారానికి రెండుసార్లు ఇదే ఉపయోగం.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఆ వారంటీ కోసం, ఆ 180 కోసం. పొద్దునంతా ఇంట్లో ఉండి వండుకునే వీలున్నవాళ్లకి పది, పదిహేను డాలర్ల మామూలు గుచ్చి చూసే థర్మామీటరు చాలు, దీని అవసరం లేదు. నాలాగా డ్యూటీ చేసి వచ్చి పడుకోవాల్సినవాళ్లు మాత్రం కొనండి, కొనేటప్పుడే ఒక సూది అదనంగా తీసుకోండి, పండగ వారంలో తెప్పించుకునేంత టైము ఉండదు.

మిగిలిన మాంసం రెండు గంటల్లోపు ఎముకల నుంచి వలిచి ఫ్రిజ్‌లో పెట్టాను, ఎముకలు ఇన్‌స్టంట్ పాట్‌లో వేసి అల్లం, మిరియాలతో చారు కాచాను. శుక్రవారం రాత్రి డ్యూటీకి నా ఫ్లాస్కులో వెళ్లింది అదే.