4x5 షీట్ ఫిల్మ్: కొన్నేళ్ళు వాడాక లూప్ కింద తేలిన సంగతులు

పెద్ద ఫార్మాట్ కెమెరా కొనాలనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది షార్ప్‌నెస్ గురించే. షార్ప్‌గానే వస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇన్నేళ్ళు 4x5 (నాలుగు అంగుళాలకి ఐదు అంగుళాల విడి షీటు ఫిల్మ్) వాడాక నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది వేరే ఉంది. దీంతో తీసిన ఫోటో తీసిన రోజుతో అయిపోదు. ఏ ఏడాదికో నెగెటివ్‌ను లైట్ ప్యాడ్ మీద పరిచి లూప్ (చిన్న భూతద్దం) పెడితే, అక్కడ నిలబడి తీసిన నాకే తెలియని సంగతులు బయటపడతాయి. ఈ బరువూ ఈ ఖర్చూ నేను ఇష్టంగా మోస్తున్నది ఎక్కువగా ఇందుకే.

నా దగ్గరున్నది మడతపెట్టే చెక్క ఫీల్డ్ కెమెరా, 150 ఎం.ఎం. ఎఫ్/5.6 లెన్స్, షీట్లు పెట్టే కొన్ని ఫిల్మ్ హోల్డర్లు. ఫిల్మ్ ఎక్కువగా ఇల్ఫోర్డ్ కంపెనీ బ్లాక్ అండ్ వైట్ హెచ్‌పీ5 ప్లస్, ఎండ బాగా ఉంటే ఎఫ్‌పీ4 ప్లస్. ఈ షీటు వైశాల్యం 35 ఎం.ఎం. ఫ్రేముకి సుమారు 15 రెట్లు. 8x10 అంగుళాల ప్రింటు కావాలంటే 35 ఎం.ఎం. నెగెటివ్‌ను 8 రెట్లకు పైగా పెంచాలి, దీన్ని 2 రెట్లు పెంచితే సరిపోతుంది. ప్రింటు చూడముచ్చటగా ఉంటుంది, కానీ అంత తక్కువ పెంచినప్పుడు చిన్న చిన్నవి కంటికి ఆనవు. నెగెటివ్‌లోనే ఉండిపోతాయి. ఏళ్ళుగా గోడకి వేలాడుతున్న ఫోటోలో కూడా కొత్తవి దొరకడానికి కారణం ఇదే.

మరి తీసేటప్పుడు ఎందుకు కనపడవు? ఈ కెమెరా పనితీరే అంత. కెమెరా వెనకుండే గరుకు గాజు పలక, అంటే గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు మారి పడుతుంది. నల్లగుడ్డ కప్పుకుని చూస్తున్నంతసేపూ మన ధ్యాస ఫోకస్ మీద, నిలువు గీతలు వంగకుండా ఉన్నాయా అన్నదాని మీద ఉంటుంది. ఎపర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/22కి తగ్గించగానే గ్లాసు దాదాపు చీకటైపోతుంది. హోల్డర్ దూర్చాక ఆ మాత్రం కూడా కనపడదు. షట్టర్ నొక్కే క్షణంలో లెన్స్ ముందు ఏముందో లెన్స్ గుండా చూసే దారే లేదు. షట్టర్ కేబుల్ పట్టుకుని పక్కన నిలబడి, మబ్బు అడ్డొస్తుందేమో, ఆటో ఏదైనా దూరుతుందేమో అని టెన్షన్ పడటమే మన వంతు.

మొజంజాహి మార్కెట్ ఫోటో సంగతి చెబుతాను. 1935 నాటి ఆ రాతి కట్టడాన్ని ట్రాఫిక్ ముదరకముందే తీయాలని పొద్దుపొడిచే వేళకి వెళ్ళాను. గడియారం బురుజు వెనక్కి వాలినట్టు రాకుండా ఫ్రంట్ రైజ్ ఇచ్చి (లెన్స్‌ను పైకి జరిపి), కొద్ది నిమిషాల తేడాతో రెండు షీట్లు తీశాను. చాలా నెలల తర్వాత వేరే ప్రింటు కోసం వెతుకుతూ ఆ నెగెటివ్ మీద లూప్ పెడితే, డాబా పిట్టగోడ వెనక ఒకతను కనిపించాడు. నెగెటివ్‌లో అతని తల ఆవగింజంత కూడా లేదు. అయినా భుజం మీద తువ్వాలు తెలుస్తోంది, చేతిలో గ్లాసు తెలుస్తోంది, ముఖం సరిగ్గా నా కెమెరా వైపే తిరిగి ఉందని తెలుస్తోంది. వెంటనే రెండో షీటు తీసి చూశాను. అతను లేడు. గ్లాసు మాత్రం పిట్టగోడ మీద ఉంది, పక్కనే దాని నీడ. నేను ఆ కట్టడాన్ని చూస్తున్నంతసేపూ ఆయన టీ తాగుతూ నన్ను చూశాడన్నమాట. ఆ రెండు షీట్లూ ఇప్పుడు ఒకే కవర్లో ఉంచాను.

ఫోటోగ్రఫీ ఎంత పాతదో ఈ ఆనందమూ అంత పాతదే. 1840ల మధ్యలో ఇంగ్లండులో ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్, ఆక్స్‌ఫర్డ్ క్వీన్స్ కాలేజీ ఫోటోకి వివరణ రాస్తూ ఈ విషయమే ప్రస్తావించాడు. తీసినవాడికే అప్పుడు తెలియనివెన్నో ఎప్పుడో తర్వాత పరీక్షగా చూస్తే దొరుకుతాయని, గోడ మీది శాసనాలు, అంటించిన కాగితాలు, దూరాన గడియారంలో టైము కూడా పడి ఉండొచ్చని ఆయన గమనించాడు. 1848లో ఫాంటేన్, పోర్టర్ అనే ఇద్దరు అమెరికాలో సిన్సినాటి నదీతీరాన్ని 8 డాగెరోటైప్ (వెండి పూత రాగి) పలకల మీద తీశారు. ఒకటిన్నర శతాబ్దం దాటాక మైక్రోస్కోప్ కింద పెడితే, దూరపు బురుజు మీది గడియారంలో టైము చదవగలిగారు. 1844లో పుట్టిన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్, తర్వాత ఆరో నిజాం కొలువులో చేరి మన హైదరాబాదును పెద్ద గాజు పలకల మీద తీశాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,000కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ లూప్‌తో చూసే అవకాశం వస్తే నేను ఇంకే పనీ పెట్టుకోను. ఆ వీధుల్లో ఎవరెవరు నిలబడి ఉన్నారో!

రామప్ప గుడిలో దొరికింది ఇంకో రకం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ట్రైపాడ్ వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. లోపల వెలుతురు తక్కువ. లైట్ మీటరు 10 సెకన్లు చూపించింది. కానీ ఎక్స్‌పోజర్ సెకను దాటిందంటే ఫిల్మ్ మందగిస్తుంది. హెచ్‌పీ5 ప్లస్‌కి ఇల్ఫోర్డ్ ఇచ్చిన లెక్క ప్రకారం ఆ 10 సెకన్లకి 20 సెకన్లు ఇవ్వాలి. అంతసేపు షట్టర్ తెరిచి ఉంటే మెల్లగా నడిచి వెళ్ళిపోయే భక్తులు ఫిల్మ్ మీద పడరు. 1838లో డాగెర్ తీసిన పారిస్ వీధి ఫోటోలో బళ్ళన్నీ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి ఒక్కడే మిగిలాడు కదా, అదే సూత్రం. నేను ఫోకస్ చేసింది మండపంలోని నల్లరాతి స్తంభం మీద. నున్నగా చెక్కి మెరుగుపెట్టిన దాని వలయం మీద తర్వాత లూప్ పెడితే, అందులో బయటి వాకిలి వెలుగు వంగి కనిపించింది. ఆ వెలుగుకి అడ్డంగా మూడు సన్నటి గీతలు, వాటి మీద చిన్న పెట్టె. నా ట్రైపాడ్, నా కెమెరా! పక్కన పొగలాంటి మచ్చ నేనే. 20 సెకన్లూ కదలకుండా ఉండలేదు కాబట్టి మనిషిగా పడలేదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి శిల్పి పెట్టిన మెరుగు ఇంకా అద్దంలా పనిచేస్తోందని నాకు చెప్పింది ఆ నెగెటివే.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది మా నానమ్మ పోర్ట్రెయిట్. ఆవిడ వరండాలో కూర్చుని చెంపకి చెయ్యి ఆనించుకుని ఉంది. ముడతలు కాస్త మెత్తగా వస్తాయని ఆరెంజ్ ఫిల్టర్ పెట్టాను. ఆ ఫిల్టర్‌తో చర్మం రంగు తేలికవుతుంది, నీలం, ఆకుపచ్చ రంగులు ముదురుతాయి. ఆవిడ ముంజేతి మీద వెలిసిపోయిన పచ్చబొట్టు మామూలుగా ఒక మసక మరక, అంతే. స్కాన్‌లో పెంచి చూస్తే అక్షరాలు! ఫోన్‌లో పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. "తిరణాళ్ళలో పొడిపించుకున్నాం రా, నేనూ నా స్నేహితురాలూ. దాని పేరు నా చేతి మీద, నా పేరు దాని చేతి మీద" అంది. ఆ స్నేహితురాలి మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. అదే ఫోటోలో ఆవిడ కంటిపాపలో వాకిలి ఒక తెల్లటి చతురస్రంలా పడింది, అందులో కెమెరా వెనక గుమిగూడిన పిల్లల తలకాయలు నల్లగా ఉన్నాయి.

ఇవన్నీ దొరకాలంటే ఫిల్మ్ పెద్దదైతే సరిపోదు. దూరం దగ్గర అన్నీ ఫోకస్‌లోకి రావాలని ఎఫ్/45కి తగ్గిస్తే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల సన్నటి వివరాలన్నీ మెత్తబడిపోతాయి. నేను ఎఫ్/16, ఎఫ్/22 దాటి వెళ్ళను, కావాలంటే లెన్స్‌ను కాస్త వంచి ఫోకస్ తలాన్ని సర్దుకుంటాను. మన ఎండాకాలంలో డెవలపర్‌ను 20 డిగ్రీల దగ్గర ఉంచడానికి ఐస్ తొట్టి తప్పదు.

స్కానర్ల గురించి ఒక మాట. ఫ్లాట్‌బెడ్ పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అని రాసి ఉన్నా నిజంగా అందేది ఇంచుమించు 2400 దగ్గరే ఆగిపోతుంది. అదీ తక్కువేం కాదు, 4x5కి 115 మెగాపిక్సెళ్ళు, 16 బిట్ గ్రేలో 230 ఎంబీ ఫైలు. అయినా 10x లూప్ కింద నెగెటివ్‌లో చూసినంత అందులో రాదు. పిట్టగోడ మీద గ్లాసు నీడ నా స్కాన్‌లో ఒక బూడిద మచ్చ మాత్రమే.

దొరికిందల్లా నిజం అనుకోవద్దు. ఆకాశంలో నల్లచుక్క కనపడగానే పక్షి అని సంబరపడతాం. ఫోటో తీసేటప్పుడు ఫిల్మ్ మీద దుమ్ము ఉంటే ఆ చోట వెలుగు తగలదు, నెగెటివ్‌లో ఖాళీగా మిగిలి ప్రింటులో నల్లగా వస్తుంది. లూప్‌తో చూస్తే దుమ్ము మచ్చకి అంచు కోసినట్టు ఉంటుంది, లోపల ఫిల్మ్ తేటగా ఉంటుంది. పక్షికి అంచు కాస్త కరిగి ఉంటుంది, లోపల కొంచెమైనా గ్రెయిన్ (ఫిల్మ్ రేణువులు) ఉంటుంది. ప్రింటులో తెల్లచుక్కైతే అది స్కాన్‌లోనో ప్రింటింగ్‌లోనో నెగెటివ్ మీద పడ్డ దుమ్ము, కంగారు పడనక్కర్లేదు.

నేను కచ్చితంగా పాటించే నియమం ఒకటి ఉంది. పాతబస్తీలో వీధి ఫోటో తీస్తే పై అంతస్తు కిటికీలో ఒకామె జడ వేసుకుంటూ కనిపించింది, ముఖం గుర్తుపట్టేంత స్పష్టంగా. ఆమె ఇంట్లో ఆమె ఉంది, నేను రోడ్డు మీద ఉన్నాను. ఆ నెగెటివ్‌ను పెద్దగా ప్రింటు వేయను, స్కాన్ ఎవరికీ ఇవ్వను. ఇంత వివరం పట్టే ఫిల్మ్ చేతిలో ఉన్నవాళ్ళు ప్రింటు వేసే ముందు కిటికీలన్నీ ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా: పాత కెమెరా అయినా ఫర్వాలేదు, బెలోస్‌లో (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఉండే మడతల గొట్టంలో) వెలుతురు కారకపోతే చాలు. షీటు ఖరీదు వందల్లో ఉంటుంది కాబట్టి 25 షీట్ల పెట్టె ఒకటి తీసుకుని నింపాదిగా వాడండి. డబ్బు ఆదా చేయకూడని చోటు లూప్. ఫోకస్‌కి 4x, నెగెటివ్‌లు చూడ్డానికి 10x, రెండూ అంచుల దాకా స్పష్టంగా ఉండేవి కొనండి. వానాకాలంలో నెగెటివ్‌లకి బూజు పట్టకుండా డబ్బాలో సిలికా జెల్ వేసి, ప్రతి కవరు మీదా తేదీ, టైము, చోటు పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.