35 దాటిన గర్భిణికి ఉమ్మనీరు పరీక్ష: కర్నూలులో దొరికే సేవ ఎంతవరకు పనికొస్తుంది?

కర్నూలులో ఈ సేవకు మార్కులు వేయాల్సి వస్తే రక్తం తీయడానికి ఎక్కువే పడతాయి, బిడ్డ మెడ వెనక నీటిపొర మందం కొలిచే ఎన్‌టీ స్కాన్‌కు ఓ మోస్తరుగా పడతాయి. రిపోర్టు చేతికిచ్చి నాలుగు మాటలు విడమరిచి చెప్పడానికి మాత్రం పాస్ మార్కులు వేయడం కష్టం. అనంతపురం, కడపల్లోనూ పెద్ద తేడా లేదు. సూది, అంటే ఉమ్మనీరు తీసి బిడ్డ క్రోమోజోములు చూసే పరీక్ష, వేయించుకోవాలా వద్దా అన్నది తేలేది ఆ నాలుగు మాటల దగ్గరే.

ముందు స్కాన్. గాయత్రి ఎస్టేట్ వైపు స్కాన్ సెంటర్లకు కొదవ లేదు గానీ, ఎన్‌టీ కొలత 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు, బిడ్డ పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడే పనికొస్తుంది. తల్లి రక్తంలో మాయ వదిలే రెండు పదార్థాలను కొలిచే డబుల్ మార్కర్ పరీక్షను దీంతో కలిపి లెక్కిస్తే డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువై బిడ్డ ఎదుగుదల, తెలివి మందగించే స్థితి) ఉన్న గర్భాల్లో నూటికి 85–90 పట్టుబడతాయి. ఎన్‌టీ విలువ రాయకుండా రక్తం ఒక్కటే పంపితే ఆ బలం పోతుంది. ల్యాబు ఫారం మీరే ఒకసారి చదువుకోండి: వయసు, బరువు, షుగరు, కవలలా కాదా, ఐవీఎఫ్ అయితే అండం ఎవరిది. దాత అండమైతే దాత వయసే లెక్క. వారాలు తప్పుగా పడితే ఆ రెండు పదార్థాల లెక్కంతా తలకిందులవుతుంది, ఎందుకంటే అవి వారంవారం మారుతుంటాయి.

రిపోర్టులో ‘హై రిస్క్ 1:180’ అని ఎర్రక్షరాలు కనబడగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అలాంటి అంకె వచ్చిన 180 మందిలో ఒకరి బిడ్డకు సమస్య ఉంటుంది, 179 మందికి ఉండదు. కౌంటర్ దగ్గర ఈ ముక్క చెప్పేవాళ్లు అరుదు. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీత గీసి, అంతకు మించిన ముప్పును హై రిస్క్ అంటాయి, అంతే. వయసు ఒక్కటే చూస్తే ప్రసవం నాటికి డౌన్ సిండ్రోమ్ అవకాశం 25 ఏళ్ల తల్లికి సుమారు 1250లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి, 45కి 30లో ఒకటి. అంటే 41 ఏళ్లామెకు 1:180 వచ్చిందంటే వయసును బట్టి ఉండే ప్రమాదం కంటే అది తగ్గినట్టే. అయినా ఎర్రక్షరాలు తప్పవు.

ఇక ఎన్‌ఐపీటీ, అంటే తల్లి రక్తంలో కలిసే డీఎన్‌ఏ ముక్కల్ని చూసి బిడ్డ క్రోమోజోముల సంగతి అంచనా వేసే పరీక్ష. 10 వారాలు నిండాక సుమారు 10 మిల్లీలీటర్ల రక్తం ప్రత్యేక ట్యూబులో తీసి పెద్ద నగరంలోని ల్యాబుకు పంపుతారు. ఆ ట్యూబును ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు, మన మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేయనూ కూడదు. డౌన్ సిండ్రోమ్ విషయంలో 99 శాతం దాకా పట్టే పరీక్ష ఇది, ఖర్చుకు తగ్గ విలువే. కానీ ఇందులో చూసే డీఎన్‌ఏ ముక్కలు మాయ నుంచి వచ్చేవి. మాయలో తేడా ఉండి బిడ్డలో లేకపోవడం ఉంది. కాబట్టి పాజిటివ్ వస్తే సూది పరీక్షతో తేల్చుకోకుండా గర్భం తీయించుకోవడం పొరపాటు. తల్లి బరువు బాగా ఎక్కువైతే రక్తంలోని డీఎన్‌ఏలో బిడ్డ వాటా 4 శాతం దాటక రిపోర్టే రాకపోవచ్చు. ఎన్‌టీ 3.5 మిల్లీమీటర్లు దాటినా, స్కాన్‌లో అవయవ లోపం కనబడినా ఎన్‌ఐపీటీకి డబ్బు పెట్టడం దండగ. అది చూడని క్రోమోజోమ్ లోపాలు చాలా ఉన్నాయి, నేరుగా సూదికే వెళ్లాలి.

సూదికి మాత్రం హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లి, రోజూ ఇదే పని చేసే ఫీటల్ మెడిసిన్ డాక్టరు దగ్గర చేయించుకోవడం మేలు. ఇది చేయి తిరిగినవాళ్ల పని. ఆమ్నియో, అంటే ఉమ్మనీరు తీసే ఈ సూది పరీక్ష, 15 వారాలు నిండాకే చేయాలి. అంతకుముందు పొరలు సరిగా అతుక్కోవు, నీరు కారడం, బిడ్డ పాదం వంకర పోవడం ఎక్కువ. స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో 15–20 మిల్లీలీటర్లు తీస్తారు. మొదటి ఒకటి రెండు మిల్లీలీటర్లు పారబోస్తారు, తల్లి కణాలు కలవకుండా. మాయ ముక్క తీసే సీవీఎస్ 11–13 వారాల్లోనే అవుతుంది గానీ, అందులోనూ మాయ తిరకాసు ఉంది. నూటికి ఒకరికి ఫలితం తేలక మళ్లీ ఆమ్నియో చేయాల్సి రావచ్చు. ‘సూది వేస్తే గర్భం పోతుంది’ అన్న మాట ఊళ్లో బాగా పాతుకుపోయింది. నిపుణుల చేతిలో ఆ ప్రమాదం 200లో ఒకటి కంటే తక్కువ.

అసలు చిక్కు క్యాలెండరుతోనే. 12వ వారంలో రక్తం ఇస్తే 16లో ఆమ్నియో, డౌన్ లాంటి ముఖ్యమైన మూడు ట్రైసోమీల (ఒక క్రోమోజోమ్ రెండుకు బదులు మూడుండే లోపాల) ఫలితం నాలుగైదు రోజుల్లో, క్రోమోజోములన్నిటినీ చూసే పూర్తి కార్యోటైప్ రెండు మూడు వారాల్లో వస్తాయి. అంటే 19కల్లా తేలిపోతుంది. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ దాకా ఆగి 20లో కదిలితే కార్యోటైప్ వచ్చేసరికి 23. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, బిడ్డలో లోపం లాంటి కారణాలకు 24 దాకా ఇద్దరు కావాలి, ఆపైన తీవ్ర లోపాలకు మెడికల్ బోర్డే దిక్కు. ‘వచ్చే నెల చూద్దాంలేమ్మా’ అనే డాక్టరమ్మ ఎంత మంచావిడైనా ఈ విషయంలో మార్కులు కోయాల్సిందే.

రాయలసీమలో అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: మేనరికమా? మేనరికం వల్ల డౌన్ సిండ్రోమ్ పెరగదు. ఇద్దరిలోనూ దాగిన జన్యులోపం బిడ్డకు రెండువైపులా చేరే జబ్బులు పెరుగుతాయి, వాటిని మామూలు ఎన్‌ఐపీటీ చూడదు. ఇంట్లో ముందే అలాంటి బిడ్డ ఉంటే ఆ బిడ్డకు ఏ జన్యువు దెబ్బతిందో మొదట తేల్చాలి, లేకపోతే ఉమ్మనీటిలో దేన్ని వెతకాలో ల్యాబుకు తెలియదు. హైదరాబాదు నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది. గర్భం రాకముందే వెళ్తే ఇంకా మంచిది.

35 దాటితే 1994 నాటి గర్భస్థ శిశు పరీక్షల (పీఎన్‌డీటీ) చట్టం సూది పరీక్షకు అనుమతిస్తుంది, తప్పనిసరి చేయదు. ఫలితం ఏదైనా బిడ్డను కనేద్దాం అని నిశ్చయించుకున్నవాళ్లు మానేయొచ్చు. ముందే తెలిస్తే సిద్ధంగా ఉండొచ్చు అనుకునేవాళ్లు చేయించుకోవచ్చు. రెండూ సరైనవే, ఆ మాట అత్తగారో ఆడపడుచో కాకుండా ఆ తల్లి చెప్పాలి. సంతకం పెట్టించే సమ్మతి పత్రం ఫారం జీ ఆమెకు వచ్చిన భాషలో ఉండాలి, ఒక కాపీ ఆమెకివ్వాలి. ఆడా మగా అన్నది చెప్పడం నేరం. చెబుతామని సైగ చేసే చోటు నుంచి లేచి వచ్చేయండి.

సూది రోజు ఆ ఊళ్లోనే రాత్రి ఆగండి, రెండు రోజులు బరువులెత్తకండి. నీరు కారినా, రక్తం కనబడినా, జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి. ఫైల్లో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, బ్లడ్ గ్రూప్ రిపోర్టులు ఉండాలి. తల్లిది నెగటివ్ గ్రూపైతే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. అది బిల్లులో ఉందా లేదా అని బయల్దేరేముందే అడగండి.